తోడు చెప్పిన జవాబులు

హైమవతి సూదిమందుల డాక్టరు కాదు, మనసు కొలిచే డాక్టరు. ఆ తేడా గెడ్డముక్కుపాలెంలో ఎవరికీ పట్టలేదు. నెలనెలా ఇరవై ప్రశ్నల కాగితాలు సంచీలో వేసుకుని వచ్చే ఆ మనిషికి ఆడవాళ్ళు జ్వరం సంగతీ, పంటినొప్పి సంగతీ అన్నీ చెప్పుకునేవాళ్ళు. మొదట్లో ఆమె "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని సరిదిద్దబోయింది. తర్వాత ఇది అయ్యే పని కాదని, జ్వరం మాత్రలు కూడా సంచీలో పడేసుకు రావడం మొదలుపెట్టింది.

ఆ ఇరవై ప్రశ్నలూ ఆందోళనని కొలవడానికి పెట్టినవి. గడిచిన వారం రోజుల్లో మీకు నిద్ర పట్టడం కష్టమైందా? ఉన్నట్టుండి గుండె దడదడలాడిందా? ఏదో చెడు జరగబోతోందని అనిపించిందా? ప్రతిదానికీ నాలుగే జవాబులు. లేదు అంటే సున్నా, అప్పుడప్పుడూ అంటే ఒకటి, తరచుగా అంటే రెండు, ఎప్పుడూ అంటే మూడు. మొత్తం అరవైకి ముప్పై దాటితే ఆ మనిషికి సాయం అవసరమని లెక్క.

"నేదు," అనేది కాసులమ్మ, ప్రశ్న పూర్తి కాకముందే.

"పూర్తిగా వినండి కాసులమ్మా."

"ఇన్నాక కూడా నేదే గదమ్మా. రాసీసుకో. నాను సేపలకి ఎల్లాల."

కాసులమ్మకి యాభై దాటాయి. మొగుడు సముద్రంలో పోయి పదేళ్ళు. అందరూ నూకాలు అని పిలిచే కూతురు నూకరత్నం, అల్లుడు దానయ్య ఆమె ఇంట్లోనే ఉంటారు. రేవు దగ్గర చేపలు కొని, బుట్టనెత్తుకుని ఊళ్ళోకి వెళ్ళి అమ్ముతుంది. గొంతు విప్పిందంటే మూడు వీధులు వినాలి. అలాంటి మనిషి కూడా కాగితం ముందు కూర్చుంటే 'నేదు' తప్ప రెండో మాట అనేది కాదు. హైమవతి ఆ సున్నాలన్నిటినీ నిజమనే నమ్మింది. అడిగాం, చెప్పారు, రాసుకున్నాం. అంతకంటే ఏం చేస్తాం?

కాగితాల వెనక అసలు పని వేరే ఉంది. విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న మనోమాపన కేంద్రంలో ప్రొఫెసర్ సోమసుందరంగారు తొమ్మిదేళ్ళుగా ఒక బిళ్ళ తయారు చేస్తున్నారు. కందిబద్దంత ఉంటుంది, చెవి వెనక అంటించుకోవాలి. దానికి 'నెమ్మది' అని పేరు పెట్టారు. గుండె వేగం, చర్మం చల్లదనం, చెమటలో మార్పులు, ఒంట్లో సాగే ఇలాంటి రహస్యాలన్నీ అది క్షణక్షణం పసిగడుతుంది. పసిగట్టగలదు గానీ, వాటికి అర్థం ఏమిటో దానికి తెలియదు. ఆ అర్థం నేర్పడానికే కాగితాలు. బిళ్ళ పెట్టుకున్న మనిషిని ఇరవై ప్రశ్నలూ అడిగితే, 'ఒళ్ళు ఇలా ఉన్నప్పుడు మనిషి ఈ అంకె చెప్పింది' అని యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. నాలుగేళ్ళలో గెడ్డముక్కుపాలెంలోనే రెండు వందల పదకొండు మంది ఆడవాళ్ళు, ఇంచుమించు తొమ్మిది వేల కాగితాలు. చివరికి బిళ్ళకి చదువు వచ్చేసింది. ఇక అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. చెవి వెనక నుంచి అంకె నేరుగా కేంద్రంలోని తెర మీదికీ, హైమవతి ఫోనులోకీ వస్తుంది. ముప్పై దాటితే ఎర్ర చుక్క వెలుగుతుంది, నర్సుతో వ్యాను బయలుదేరుతుంది.

గెడ్డముక్కుపాలెం నుంచి ఎర్ర చుక్క ఒక్కటీ రాలేదు. సోమసుందరంగారు పొంగిపోయి పెద్ద వ్యాసం రాశారు. సముద్రపు గాలిలోనో, చేపల కూరలోనో అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తోందో శాస్త్రజ్ఞులు తేల్చాలన్నారు. వ్యాసం చదివిన శాస్త్రజ్ఞులు అది తేల్చే పనిలో పడ్డారు కూడా.

తుఫాన్ల రోజుల్లో ఒక బుధవారం పొద్దున్న హైమవతి బిళ్ళలు మార్చడానికి పాలెం వెళ్ళింది. ఐదు రోజుల చేపల వేటకని వెళ్ళిన దానయ్య పడవ తొమ్మిదో రోజుకీ రాలేదని రేవులో అనుకుంటున్నారు. హైమవతి వెంటనే ఫోను తీసి నూకరత్నం అంకె చూసింది. రెండు. పక్కన పచ్చ చుక్క. అమ్మయ్య అనుకుంది.

నూకరత్నానికి అప్పుడు ఆరో నెల. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. హైమవతి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, బిళ్ళ అంకెతో సరిచూడటానికి కాగితం తీసేదాకా ఆ పిల్ల వేళ్ళు చేటలో ఒక్కచోటే తిరుగుతున్నాయి. ఇరవై ప్రశ్నలకీ ఇరవై సార్లు "నేదు" అంది. గొంతు చాలా మెల్లగా ఉంది.

కాసులమ్మ గుమ్మానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. హైమవతి వైపే చూస్తోంది.

"అంకె ఎంతున్నాదమ్మా?" అంది చివరికి.

"ఒకటి. ఈ నెలలో మీ అమ్మాయంత నెమ్మదిగా ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేరు."

"ఒకటా? సరింగా సూడమ్మా. మల్లీ సూడు."

హైమవతి మళ్ళీ చూసింది. అంకె మారింది. "ఇప్పుడు సున్నా!" అని నవ్వుతూ ఫోను ఆమె వైపు తిప్పింది.

కాసులమ్మ ఫోను చూడలేదు. హైమవతి మొహంలోకి చూసింది. ఆ చూపు ఏమిటో హైమవతికి అర్థం కాలేదు. కాగితాలు సర్దుకుని లేచి వాకిలి దాటుతుండగా వెనక చేట నేల మీద పడ్డ చప్పుడైంది. నూకరత్నం పక్కకి ఒరిగిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి, చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి.

ఆటో దొరకడమే అదృష్టం. డ్రైవరు ఎవరో గానీ, అడ్డం వచ్చిన ప్రతివాణ్ణీ తిడుతూ పావుగంటలో ఆసుపత్రికి చేర్చాడు. పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ మనిషిని తల్చుకుని హైమవతి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటుంది. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ పరీక్ష చేసి, బీపీ చూసి, "నాలుగు రోజులుగా ఈ అమ్మాయి ఏమీ తినలేదు, నిద్ర లేదు. మీరంతా ఏం చేస్తున్నారు? ఇంకొక్క పూట ఆగితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదు," అంది. హైమవతి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. సున్నా. పచ్చ చుక్క. నెమ్మది.

రెండు రోజులు ఆమె అక్కడే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం కబురొచ్చింది. ఇంజను చెడి కొట్టుకుపోయిన పడవని వేరే ఊరివాళ్ళు కట్టి లాక్కొచ్చారట. నలుగురూ క్షేమం. దానయ్య తడిసిన లుంగీతోనే వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. నర్సు ఆపబోయి, అతని మొహం చూసి పక్కకి తప్పుకుంది.

నూకరత్నం అతని చెయ్యి పట్టుకుంది. "బయ్యమేసినాది," అంది. "శానా బయ్యమేసినాది మావా. తిండి సయించనేదు. కళ్ళు మూస్తే నీళ్ళే కనపడ్డాయి." చెబుతూ చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. కాసేపటికి అతని భుజానికి తలానించి నిద్రపోయింది. పక్కనున్న యంత్రంలో గుండె వేగం నూట పన్నెండు నుంచి డెబ్భై ఎనిమిదికి దిగింది.

హైమవతి అలవాటుకొద్దీ ఫోను చూసింది. రెండు రోజులుగా కదలని సున్నా కదిలింది. ఐదు. తొమ్మిది. పద్నాలుగు. నూకరత్నం గాఢంగా నిద్రపోతున్నకొద్దీ అంకె పెరుగుతోంది. ఇరవై రెండు దగ్గర ఆగింది.

హైమవతి వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడింది. కాసేపటికి కాసులమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు సెప్తానమ్మా," అంది. "పడవొచ్చీసినాది. ఇప్పుడు సెప్పొచ్చు."

చెప్పింది. మగవాడు నీళ్ళ మీద ఉన్నంతకాలం ఆ ఇంటివాళ్ళెవరూ తమ నోటితో భయం అనే మాట అనకూడదు. నిద్ర లేదనకూడదు, గుండె దడ అనకూడదు. అంటే సముద్రం వింటుంది. దడ ఎంత ఎక్కువైతే నోరు అంత గట్టిగా మూసుకోవాలి. మరి ఆడది లోపల్లోపల ఉడికి చచ్చిపోవాలా అంటే, అక్కర్లేదు. దానికి తోడు ఉంటుంది. ఒకే పడవలో వెళ్ళే మగవాళ్ళ పెళ్ళాలు ఇద్దరిద్దరు తోడు కడతారు. నా గుండెలో ఉన్నది నువ్వు చూసి చెబుతావు, నీ గుండెలో ఉన్నది నేను చూసి చెబుతాను. తోడు చెప్పిన మాట సముద్రానికి వినపడదు. తోడు చెబితే ఊరంతా వచ్చి ఆ పిల్లని చుట్టుకుంటారు, ముద్ద కలిపి తినిపిస్తారు, పక్కన పడుకుంటారు.

"నూకాలికి తోడు లేదా?" అంది హైమవతి.

"పైడితల్లున్నాది. దాని అమ్మకి బాగోలేదని భీమిలి ఎల్లిపోనాది. నాను కన్నతల్లినే గానీ, ఆ ఇంట్లో మనిసిని. నాను అనకూడదు." కాసులమ్మ గోడకి ఆనుకుంది. "అయినా నాకు బెంగనేదనుకున్నాను. బిళ్ళున్నాది గదా. పిల్ల నోరిప్పకపోయినా బిళ్ళ సూసి సెప్తాది, దాక్టరమ్మకి తెలిసిపోద్ది, పరుగెట్టుకొస్తాది అనుకున్నాను. బిళ్ళే దానికి తోడనుకున్నానమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. రేవులో చేపల బేరానికి లేచే గొంతు ఒక్కసారి తన మీద లేచి ఉంటే హైమవతి కొంచెం తేలికపడేది. కాసులమ్మ తిట్టలేదు. పైగా, "రొండు దినాలై నువ్వేటీ తిన్నేదు," అని కొంగుముడి విప్పి రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది. తప్పు చేసినవాళ్ళకి తిండి పెట్టే మనుషులు ఉన్నందుకు ఆమెకి ఆ పూట ఎంత కృతజ్ఞత కలిగిందో చెప్పలేం. పండు తింటూనే ఏడ్చింది.

మర్నాడు రేవులో పడవల రిజిస్టరు అడిగి తీసుకుంది. ఏ పడవ ఏ రోజు వెళ్ళింది, ఏ రోజు వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తొమ్మిది వేల కాగితాల పక్కన పెట్టి కంప్యూటర్లో కలిపింది. మగవాళ్ళు ఒడ్డున ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు హాయిగా జవాబు చెప్పారు. పిల్లాడి చదువు గురించో, అత్తగారి నోటి గురించో 'అప్పుడప్పుడూ' అన్నారు, 'తరచుగా' అన్నారు. సగటున పద్నాలుగు. మగవాళ్ళు సముద్రం మీద ఉంటే మూడు. గాలివాన హెచ్చరిక కూడా ఉంటే ఒకటి. గుండె పరుగెత్తి, చేతులు చల్లబడిన ప్రతిసారీ కాగితం మీద సున్నా పడింది. యంత్రం బుద్ధిమంతుడైన విద్యార్థిలా అదే నేర్చుకుంది.

హైమవతి ముందు పెట్టిన ఆ పట్టికని సోమసుందరంగారు చాలాసేపు చూశారు.

"సోమవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది హైమవతీ. సంతకం పెట్టడమే మిగిలింది. ఆరొందల ఊళ్ళకి బిళ్ళలు పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి."

"ఆ ఆరొందల ఊళ్ళలోనూ, ఎవరు బాగా భయపడుతుంటే వాళ్ళ దగ్గరికే వ్యాను వెళ్ళదు సార్."

"ఒక్క ఊరి ఆచారం వల్ల..."

"బిళ్ళ చదువుకున్నది ఆ ఒక్క ఊళ్ళోనే కదా సార్."

తొమ్మిదేళ్ళు చిన్న సంగతి కాదు. సంతకం పడకపోతే కేంద్రంలో ఎంతమంది ఉద్యోగాలు పోతాయో హైమవతికి తెలుసు. తన ఉద్యోగం కూడా అందులో ఉంది. ఆయన ఒప్పుకోకపోతే తనే కమిటీ ముందు లేచి చెప్పాలని నిశ్చయించుకుని వచ్చింది. అలా చెప్పగలనా అని సందేహపడుతూనే నిలబడింది.

సోమసుందరంగారి చెయ్యి తన చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ కందిబద్దంత బిళ్ళ ఉంది.

"కొన్ని నెలలుగా నాకు నాలుగు దాటలేదు," అన్నారు. "మా ఆవిడ, మీరు సరిగ్గా పడుకోవడం లేదు, ఎవరికైనా చూపించుకోండి అని పోరుతోంది. పోరినప్పుడల్లా ఈ అంకె చూపించి నోరు మూయిస్తున్నాను." బిళ్ళ పీకి బల్ల మీద పెట్టారు. చెవి వెనక చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. "నేను ఆవిణ్ణి ఒక్కసారైనా అడగలేదు, నీకెలా తెలుసూ అని."

ఉత్తరం ఆయనే రాశారు. నాలుగు వాక్యాలు. యంత్రం తప్పు నేర్చుకుందనీ, తప్పు జవాబు చెప్పినవాళ్ళది కాదనీ, ఎలా అడగాలో తెలియకుండా అడిగిన తనదనీ రాసి, తన ఒక్కడి పేరే కింద పెట్టారు. హైమవతి పేరు అందులో ఎక్కడా లేదు. ఆ ఉత్తరం నకలు ఆమె ఇప్పటికీ దాచుకుంది. కమిటీ రాలేదు. పెట్టెలు కదల్లేదు. కేంద్రంలో పద్దెనిమిది మందికి ముగ్గురు మిగిలారు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు హైమవతితో మాట్లాడటం మానేశారు. వాళ్ళని ఆమె ఏమీ అనుకోలేదు.

మాఘమాసంలో నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, గొంతు మాత్రం అచ్చం అమ్మమ్మది. పాప పుట్టిన ఇరవై రోజులకి హైమవతి కొత్త కాగితాలు పట్టుకుని పాలెం వెళ్ళింది. ప్రశ్నలు అవే ఇరవై. 'మీకు' అన్నచోట 'మీ తోడుకి' అని మార్చింది, అంతే.

ఆ రోజు పడవలన్నీ నీళ్ళ మీద ఉన్నాయి. పైడితల్లిని కూర్చోబెట్టి, "మీ తోడుకి నిద్ర పట్టడం కష్టమైందా?" అని చదివింది. పైడితల్లి మొదలుపెట్టింది. నూకాలు ఎన్నిసార్లు లేచింది, లేచి ఎక్కడ కూర్చుంది, పాపకి పాలిస్తూ ఏ వైపు చూసింది, ఒకటా రెండా? మొదటి ప్రశ్నకే అరగంట పట్టింది. నూకరత్నం పక్కనే కూర్చుని ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి. తర్వాత నూకరత్నం పైడితల్లి గురించి చెప్పింది. నాలుగేళ్ళలో తొమ్మిది వేల కాగితాలు నింపిన హైమవతికి ఆ రోజు సాయంత్రానికి ఆరు కాగితాలు నిండాయి. ఒక్కటీ ముప్పైకి తక్కువ లేదు. ఆ అంకెలు చూసి ఆమెకి ముందు భయమేసింది, ఆ తర్వాత ప్రాణం లేచొచ్చినట్టయింది.

అందరూ వెళ్ళాక కాసులమ్మ వచ్చి చాప మీద కూలబడింది.

"నీ తోడెవలు దాక్టరమ్మా?"

హైమవతి నవ్వింది. "మా ఇంట్లో ఎవరూ వేటకెళ్ళరుగా."

"నాకూ ఎవలూ నేరు. పడవ నేనిదానికి తోడెవలు కడతారు? ఆడు పోయిన కాడ్నించీ నేదు." కాసులమ్మ కాళ్ళు చాపుకుంది. "అయినా మనిద్దరం ఒక్క బిళ్ళనే నమ్మినాం. మునిగితే ఇద్దరం మునిగీవోళ్ళం. అది ఒక్క పడవెక్కినట్టు కాదేటి? సదువు. నీ గురించి నాను సెప్తాను."

వద్దనబోయింది గానీ, కాసులమ్మ ఊరుకునే మనిషి కాదు. హైమవతి చదివింది. మీ తోడుకి నిద్ర పట్టడం కష్టమైందా?

"ఎప్పుడూ. కళ్ళ కిందన సూడు ఎలగున్నాదో."

ఆకలి తగ్గిందా?

"తగ్గీసినాది. గాజులు మోసేతి దాకా జారిపోతన్నాయి."

ఏదో చెడు జరగబోతోందని అనిపించిందా?

"ఎప్పుడూ. ఫోను మోగితే సాలు, నూకాలికేదో అయిపోనాదని ముకం తెల్లబోతాది. పిల్ల బాగున్నాది, బిడ్డ బాగున్నాది, నాను ఎన్నిసార్లు సెప్పినా ఇన్నేదు."

తన తప్పే అని తనని తాను నిందించుకుందా?

"మూడే గదా ఆకరి అంకె?" అంది కాసులమ్మ. "ఇంకా పెద్దది ఉంటే ఆ పెద్దదే ఏసుకో."

హైమవతి మూడు వేసింది. అలాగే ఇరవై ప్రశ్నలూ పూర్తయ్యాయి. కూడింది. నలభై ఏడు. అంత అంకె ఆమె తన ఉద్యోగంలో ఎప్పుడూ రాయలేదు. ఇన్ని నెలలుగా ఒంటరిగా మోస్తున్నదాన్ని ఎవరో పక్కనుంచి చూస్తూనే ఉన్నారు. అడక్కుండానే గుర్తుపెట్టుకున్నారు. ఆమె కాసులమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. చేపల వాసన వేసింది.

"ఇంకో కాయితం తియ్యి," అంది కాసులమ్మ, చేతులు వెనక్కి లాక్కుంటూ. "ఇప్పుడు నా గురించి నువ్వు సెప్పాల."

హైమవతి కొత్త కాగితం తీసింది. మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న ఈ మనిషిని నలభై సార్లకి పైగా అడిగింది. ప్రతిసారీ కాగితం వైపే చూసింది. ఇప్పుడు కాగితం దించి, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసింది. మూతపడనట్టున్న రెప్పలు. నవ్వుతున్నా సముద్రం వైపే తిరిగి ఉన్న చెవి.

"నిద్ర పట్టడం లేదు," అంది మెల్లగా. "పదేళ్ళుగా."

కాసులమ్మ కళ్ళు మూసుకుంది.

"రాసుకో," అంది.